కుర్చీకి రెండో మలుపు

తొమ్మిదీ పదికి ఈక్షిత టీచర్ల శిక్షణా కేంద్రం నమూనా గదిలో రెండు కుర్చీలను ఎదురెదురుగా జరిపి, వాటి మధ్య సుద్దముక్కతో ఆగు గీత గీసింది. నేల మీద ఆ గీతను వెలుతురుతోనే వేయొచ్చు. కానీ వెలుతురు గీతను టీచర్లు లెక్కచేయరు, తొక్కేసి పోతారు. సుద్దగీత కనిపిస్తే మాత్రం ముప్పయ్యేళ్ల సర్వీసున్న వాళ్లకు కూడా కాలు దానంతటదే ఆగిపోతుంది. ఈ సంగతి కనిపెట్టినందుకు ఆమెకు ఒక ప్రశంసాపత్రం ఇచ్చారు. అందులో సుద్ద అన్న మాట ఎక్కడా లేదు. 'స్పర్శాధారిత విరామ సంకేతం' అని ఉంది.

మాటలు వినిపించే చెవిపూస పెట్టుకుంది. కప్పుకు వేలాడుతున్న సద్దుమణి లేతనీలంగా ఒకసారి మెరిసి, ఆమె గొంతును గుర్తుపట్టి, గదిలో రగులు, అంటే గొడవ కొలత, సున్నా అని చెప్పింది. ఖాళీ గదిలో రగులు సున్నా కాక ఎంతుంటుందని ఆమె రోజూ అనుకుంటుంది. పైకి మాత్రం అనదు. గొణుగుడును కూడా అది అర పాయింటు కింద లెక్కేస్తుంది.

జిల్లాలో నాలుగు వందల పన్నెండు తరగతి గదుల్లో ఇలాంటి సద్దుమణులే వేలాడుతున్నాయి. ఇద్దరు పిల్లలు గొడవపడి రగులు మూడు దాటిందంటే, ఏం చేయాలో, ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టాలో టీచరు చెవిలో చెబుతాయి. అవి సొంతంగా ఏమీ చెప్పవు. ఈ నమూనా గదిలో శిక్షకురాలు ఏది ఎలా చేసి చూపిస్తే, మధ్యాహ్నం రెండింటి దిగుమతితో అదే జిల్లా అంతటా చెవుల్లో పడుతుంది. కంప్యూటర్ చదువు చదివిన ఈక్షిత ఈ ఉద్యోగంలో చేరింది అందుకే. తన తోటివాళ్లు రాసిన కోడు ఏ షాపింగ్ యాప్‌లోనో పడుతుంది. తనది పిల్లల మధ్య పడుతుంది. చేరిన కొత్తలో ఈ మాట చుట్టాలిళ్లల్లో రెండుమూడు చోట్ల చెప్పుకుంది కూడా.

పొద్దుటి బ్యాచ్‌లో పన్నెండు మంది టీచర్లు. అంశం: ఆలోచనా పనిముట్లు. మొదటిది మూడో కారణం. పిల్లవాడు ఏదైనా చేస్తే ఎందుకు చేశావని మూడుసార్లు అడగాలి. మొదటి కారణం అడిగినవాళ్ల కోసం చెబుతారు. రెండోది తమ కోసం చెప్పుకుంటారు. మూడోదే కారణం. ఉదాహరణకు పావుగంట ఆలస్యంగా వచ్చిన లెక్కల సారు వంశీధర్‌ను లేపింది. ఆయన మొదట బస్సన్నాడు, తర్వాత పాపకు జ్వరమన్నాడు. మూడోసారి అడిగితే తల గోక్కున్నాడు.

"నిజం చెప్పాల్నంటే మేడం, ఇది పోయినేడు ఇన్నదే. కొంచెం తక్కువ ఇందామని లేటుగ వచ్చిన."

అందరూ నవ్వారు. సద్దుమణి రగులు సున్నా పాయింట్ రెండంది. నవ్వుకూ గొడవకూ తేడా దానికి ఇంకా సరిగ్గా రాలేదు. వచ్చే విడతలో వస్తుందని మూడు విడతల నుంచీ చెబుతున్నారు.

రెండో పనిముట్టు ఎదుటి కుర్చీ. గొడవపడ్డ ఇద్దరిలో ఒకరు లేచి రెండోవాళ్ల కుర్చీలో కూర్చోవాలి. ఎదుటివాళ్ల బాధను 'నేను' అంటూ చెప్పాలి. అది విన్న అవతలివాళ్లు "ఔను, నేను చెప్పేది ఇదే" అనేదాకా లేవడానికి లేదు. అన్నాక, కూర్చున్నవాళ్లు ముగింపు వాక్యం చెబుతారు: "నాకు సమ్మతమే." అంతే. సగటున నాలుగు నిమిషాలు. కొన్ని బడుల్లో ఈ ముగింపు వాక్యాన్ని పొద్దున ప్రార్థనలోనే అందరి చేతా ఒకసారి అనిపిస్తున్నారని, దాంతో గొడవ వచ్చినప్పుడు పిల్లలు తడుముకోవట్లేదని తెలుగు మేడం ఒకావిడ చెప్పింది. సలహాగానే చెప్పింది. ఇద్దరు ముగ్గురు రాసుకున్నారు.

భోజనాల వేళ చెవిపూసలో కోఆర్డినేటర్ విహాన్ గొంతు వినిపించింది. ఆయన ఎప్పుడూ గొంతు పెంచడు, మనుషుల మీద అసలే పెంచడు. పన్నెండూ యాభైకి రవళి టీచర్ కేసు ఉందని గుర్తుచేశాడు. పాపం పెద్దావిడ, అయిదు వారాలుగా క్లాసు లేక ఇంట్లో కూర్చుందని, ఇవాళ సౌమ్యంగా ముగించేస్తే సోమవారం నుంచి బడికి పోతుందని అన్నాడు. ఈక్షిత సరేనంది. ఆమె చేతిలోకి వచ్చిన కేసు ఏదీ అయిదు నిమిషాలు దాటలేదు.

ఫైలు అప్పుడే తెరిచి చూసింది. చింతలగట్టు ఉన్నత పాఠశాల. అక్కడి సద్దుమణుల బ్యాటరీలు తడవకుండా పెట్టడానికి చోటు లేదు. ఆడపిల్లల మరుగుదొడ్లు రెండున్నాయి. కొత్తది పొడిగా ఉంటుందని సైన్సు సారు అందులో బ్యాటరీలు పేర్పించి తాళం వేశాడు. పాతదానికి తలుపు లేదు. తొమ్మిదో తరగతి పిల్ల జోషిత, బ్యాటరీ మార్చడానికి క్లాసుకు వచ్చిన సారుతో తాళం తీయమని గొడవకు దిగింది. సద్దుమణి చెప్పినట్టే ఆ పిరియడ్ టీచరు ఆమెను ఎదుటి కుర్చీలో కూర్చోబెట్టింది. బ్యాటరీలు తడిస్తే పేలతాయి, నాకు ఇంకో గది లేదు, పైవాళ్లకు రాస్తే జవాబు రాదు, నేనేం చేయను అని ఆ పిల్ల సారు బాధంతా చెప్పింది. సారు ఔనన్నాడు. ఆ పిల్ల సమ్మతమే అంది. మూడు నిమిషాల నలభై సెకన్లు.

అలా పదకొండుసార్లు. పదకొండుసార్లూ పరిష్కృతం. నాలుగోసారికి సద్దుమణి జోషితకు 'ఉత్తమ సంవాది' బిళ్ల ఇచ్చింది.

పన్నెండోసారి గొడవ సోషల్ పిరియడ్‌లో వచ్చింది. టీచరు రవళి. ఆమె చెవిపూస తీసి టేబుల్ మీద పెట్టి, జోషిత సారు బాధ చెప్పి సారు ఔనన్నాక, ముగింపు వాక్యం దగ్గర ఆపింది. ఇప్పుడు మీరు రండి అని సైన్సు సారును జోషిత కుర్చీలో కూర్చోబెట్టింది. నలభై ఒక్క నిమిషాలు. రగులు తొమ్మిది. సారు అన్నీ చెప్పాడు కానీ ఆ పిల్ల బాధ ఏమిటో నోటితో అనలేకపోయాడు. జోషిత కాదు, కాదు అంటూనే ఉంది. బెల్లయింది. మర్నాటి నుంచి ఆ పిల్ల బడికి రాలేదు. సద్దుమణి కారణం రాసింది: ఉపాధ్యాయురాలు వివాదాన్ని పొడిగించినందువల్ల విద్యార్థిని బడి మానింది. రవళికి క్లాసు తీసుకునే యోగ్యత నిలిపేశారు.

ఈక్షిత రెండుసార్లు చదివింది. ఇవాళ రవళి సమ్మతమే అంటే ఆమెకు క్లాసు తిరిగి వస్తుంది. దాంతోపాటే పన్నెండో గొడవ కూడా పరిష్కృతం కింద పడి, జోషిత ఫైలు మూతపడుతుంది. చేయాల్సింది నాలుగు నిమిషాల పని.

రవళి సరిగ్గా పన్నెండూ యాభైకి వచ్చింది. యాభై ఆరేళ్లుంటాయి. చేతిలో బుట్ట, బుట్టలో టిఫిన్ డబ్బా, గొడుగు. సుద్దగీత దగ్గర ఠక్కున ఆగి, దానివైపు చూసి, ఇది మాత్రం మంచిగ పెట్టిండ్రు మేడం అంది. చెప్పకముందే పోయి ఎదుటి కుర్చీలో కూర్చుంది. ఈక్షిత సద్దుమణి పక్షాన ఇవతలి కుర్చీలో కూర్చుంది. సద్దుమణికి ఒళ్లు లేదు కాబట్టి ఎప్పుడూ శిక్షకులే కూర్చుంటారు.

మొదటి మలుపు రవళి ఏ శిక్షకురాలూ వంక పెట్టలేనంత బాగా చేసింది. "నేను సద్దుమణిని. నాకు నాలుగు వందల పన్నెండు గదులున్నయి. ఒక్క గదిల గొడవ నలభై నిమిషాలు నడిస్తే పక్క గదిల పిల్లలు చదువుకోలేరు. నాకు ఎవ్వరి మీద కోపం లేదు. నాకు నిమ్మళం కావాలె, గంతే. నన్ను అర్థం చేసుకునేటోళ్లు లేరు."

ఆఖరి మాట విని ఈక్షితకు నవ్వొచ్చింది. "ఔను, నేను చెప్పేది ఇదే" అంది. చెవిలో రగులు ఒకటి. రెండు నిమిషాల పది సెకన్లు. ఇక రెండు మాటలు మిగిలాయి. రవళి అనాల్సిన సమ్మతమే, తను అనాల్సిన ముగిసింది.

రవళి లేచి నిలబడింది. కుర్చీని పట్టుకుని సగం చుట్టు తిప్పింది. "ఇగ మీరు రాండ్రి."

అలాంటిది పద్ధతిలో లేదని ఈక్షిత చెప్పింది. మర్యాదగానే, శిక్షకుల గొంతుతో చెప్పింది. ఒకప్పుడు ఉండె అంది రవళి. లేదు టీచర్ అని ఈక్షిత మళ్లీ అంది. అది పాత విడతలో, చాలా కిందట, అందరూ వద్దనుకుని తీసేశారని, దాని మీద అప్పట్లో పరిశీలన కూడా జరిగిందని వివరించబోయింది.

"పరిశీలన కాదు మేడం. నేను గీ గదిలనే, మూడో వరుసల కూసున్న. మూడేండ్లయింది. శనివారం. మీ కుర్చీకి పసుపుపచ్చ డ్రెస్సు సంచి తగిలేసి ఉండె. ఒక్క మలుపు తిప్పిండ్రు, ముగిసింది అన్నరు, సంచి తీస్కొని పోయిండ్రు. ఎందుకు తీసేసిండ్రు రెండో మలుపు?"

ఈక్షిత సమయం చాలదని చెప్పింది. రవళి తల ఊపి, ఎందుకు అని మళ్లీ అడిగింది. అప్పుడు ఈక్షితకు తెలిసింది, పొద్దున తను నేర్పిన పనిముట్టునే ఈవిడ తన మీద వాడుతోందని. తెలిసినా రెండో కారణం దానంతటదే నోట్లోంచి వచ్చింది. తనేం తీసేయలేదు, ఆ రోజు ఒక్కసారి వదిలేసింది, దాన్నే సద్దుమణి ఉత్తమమని ఎంచుకుంది, తప్పు తనది కాదు.

"ఎందుకు మేడం?" రవళి గొంతులో దెప్పిపొడుపు లేదు. క్లాసులో పిల్లను అడిగినట్టే అడిగింది.

పిన్ని కూతురి హల్దీ. నాలుగూ పదికి బస్సు. ఆ రోజు గదిలో ముప్పయ్ మంది ఉన్నారు, ఏసీ పాడై ఉంది, నమూనాలో కూర్చున్న ఇద్దరు టీచర్లు మొదటి మలుపుకే అలసిపోయి ఉన్నారు. రెండోసారి తిప్పితే ఇంకో పదిహేను నిమిషాలు. ఎవరు చూస్తారులే అనుకుని ముగిసింది అనేసింది. బస్సులో కూర్చున్నాక చెవిపూసలో వచ్చింది: మూడు నిమిషాల యాభై రెండు సెకన్లు, జిల్లా ఉత్తమం. సోమవారానికల్లా అది జిల్లా అంతా పాకింది. అప్పటి నుంచి ఏ గదిలోనూ కుర్చీ రెండోసారి తిరగలేదు. ఎప్పుడూ ఒక్కరే లేచి వెళ్లి రెండోవాళ్ల బాధ చెబుతారు. ఆ లేచి వెళ్లేది ఎవరో కూడా సద్దుమణి నేర్చుకుంది. ఎవరు తొందరగా లేస్తారో వాళ్లు. టీచరుకూ పిల్లకూ గొడవైతే పిల్ల. ఇద్దరు పిల్లలకైతే, ముందు ఎవరి గొంతు తగ్గితే వాళ్లు.

ఆమె ఇదంతా పైకి చెప్పలేదు. "హల్దీ ఉండింది టీచర్" అని మాత్రం అంది.

"ఇయ్యాల ఏమన్న బస్సున్నదా?"

లేదని తల ఊపింది. లేచి, గీత దాటి, రవళి తిప్పిపెట్టిన కుర్చీలో కూర్చుంది. సద్దుమణి నీలం కాస్తా పసుపైంది. ఆ రంగు ఆమె ఈ గదిలో ఎప్పుడూ చూడలేదు. సద్దుమణి నియమాలు రాసిన పత్రంలో మాత్రం, తనకు తెలియని పద్ధతికి గుర్తుగా, ఉంది.

మొదటిసారి రవళి బాధను, నాకు నా క్లాసు కావాలి, ముప్పయ్యేళ్ల సర్వీసు, ఇంట్లో కూర్చుంటే కాలు చెయ్యి ఆడట్లేదు అని చెప్పింది. రవళి కాదంది. రెండోసారి, నన్ను యంత్రం తప్పుపట్టింది, నా పేరు మీద మచ్చ పడింది అని చెప్పింది. రవళి అది కూడా కాదంది. క్లాసు పోతే బాధ ఉంటది, లేదనను, కానీ దానికోసం అయితే సమ్మతమే అని పోయేదాన్ని కదా, బువ్వ తిన్నంత సేపు పట్టది అంది.

చెవిలో విహాన్ వచ్చాడు. సెషన్ ముప్పయ్ నిమిషాలు దాటిందని, ఏదైనా సాయం కావాలా అని అడిగాడు. ఆమె గడియారం చూసింది. టైము ఒకటీ ఇరవై అయిదు. రెండింటికి దిగుమతి. ఈ సెషన్ చెడిపోయినట్టుంది ఈక్షితగారూ, రద్దు అని ఒక్క మాట అనండి చాలు, నిన్నటి నమూనాయే వెళ్తుంది, టీచర్ గారిని రేపు మళ్లీ పిలుద్దాం అన్నాడు. ఆయన చేతిలో ఉంటే ఈపాటికి తనే రద్దు చేసేవాడు. పై అధికారుల ఒత్తిడి ఉండకూడదని ఆ మాట శిక్షకుల గొంతుకు మాత్రమే వదిలారు. ఆ నియమాన్ని కరపత్రాల్లో గొప్పగా అచ్చేసుకున్నారు. ముగియని సెషన్ నమూనాగా వెళ్లకూడదని మాత్రం ఎక్కడా రాయలేదు. ముగియని సెషన్ అంటూ ఒకటి ఉంటుందని రాసినవాళ్లెవరికీ తట్టలేదు. రాసినవాళ్లలో ఈక్షిత కూడా ఉంది.

మూడోసారి మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయింది. ఈ కుర్చీ రవళిది కాదని అర్థమైంది. రవళి కూడా అయిదు వారాల కిందట గీతకు అవతల నిలబడి, కుర్చీ తిప్పి, ఇంకొకరికి చోటు చూపించిన మనిషే. ఈక్షిత కాళ్లు దగ్గరికి జరుపుకుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"నా పేరు జోషిత. తొమ్మిదో తరగతి. నేను పొద్దున ఇంట్లో చాయ్ కూడా తాగను. బడికి వచ్చాక నాలుగింటి దాకా నీళ్లు తాగను. తాగితే పోవాలి కదా. నెలసరి రోజుల్లో అసలు రాను. అడిగితే కడుపునొప్పి అంటాను, అది అబద్ధమేం కాదు. పదకొండుసార్లు సారు బాధ చెప్పాను. సారు కష్టం నాకు బాగా తెలుసు. అర్ధరాత్రి ఎవరైనా లేపి అడిగినా చెబుతాను. నాది ఎవరికైనా తెలుసా అంటే..." తర్వాతి మాటలు ఈక్షితకు ఎప్పటి నుంచో తెలిసినవే, ఎవరూ అడగలేదు కాబట్టి అనాల్సి రాలేదు. "పన్నెండోసారి సారు నా కుర్చీలో కూర్చున్నారు. మరుగుదొడ్డి అన్న మాట అనడానికి ఆయనకు సిగ్గేసింది. నాకు అడగడానికి వేయలేదు."

రగులు ఏడంది సద్దుమణి. గదిలో ఎవరూ గొంతు కూడా పెంచలేదు.

ఈక్షిత రవళి మొహంలోకి చూసింది. ఔను అంటుందని చూసింది. అంటే అయిపోతుంది. రెండు మలుపులతో, పద్ధతిగా, నిజాయితీగా అయిపోతుంది. ముగిసింది అని తనూ అనొచ్చు. ఆ కోరిక తన గొంతులో ఎంత బలంగా ఉందో చూసుకుని ఆమెకు వెగటు పుట్టింది.

"బాగ చెప్పిండ్రు" అంది రవళి. బుట్ట ఒళ్లోకి తీసుకుంది. "నాకైతే ఔననే ఉన్నది. కని నేనెట్లంట మేడం? ఔననాల్సిన పిల్ల ఈడ లేదు కద."

ఒకటీ యాభై రెండు. విహాన్ ఇప్పుడు గొంతు ఇంకా తగ్గించాడు. అంత తగ్గించి మాట్లాడగలడని ఆమెకు తెలియదు. నాలుగు వందల పన్నెండు గదులు ఈక్షితగారూ అన్నాడు. టీచర్లకు ఎలా ముగించాలో తెలియకుండా పోతుంది, పరీక్షలు నెలలో ఉన్నాయి, మీ యోగ్యత కూడా నిలబడదు, నేను ఆపలేను. రద్దు అనండి. ఆయన చెప్పిన ప్రతి మాటా నిజమే. అందులో ఒక్కటి కూడా మొదటి కారణమో రెండో కారణమో కాదు. ఆయనకు నిజంగానే భయం వేస్తోంది. ఆయన కుర్చీలో కూర్చుని ఆయన బాధను ఆయనకంటే బాగా చెప్పగలదు ఆమె. మూడేళ్లుగా చేస్తున్నది అదే.

చెవిపూస తీసి సుద్దగీత మీద పెట్టింది. అందులోంచి విహాన్ గొంతు ఇంకా సన్నగా వినిపిస్తోంది. మర్యాదగానే.

"చింతలగట్టుకు బస్సెన్నింటికి టీచర్?"

"రెండు నలభైకి. కని పోయినంక ఆ పిల్ల మాట్లాడుతదని లేదు. నేను నాలుగుసార్లు పోయిన. వాళ్ల అమ్మ తలుపు కాడనే నిలబెట్టి పంపింది." రవళి గొడుగు తీసి చేతికి తగిలించుకుంది. "మీరెవరని అడిగితే ఏం చెప్తరు?"

ఈక్షిత ఒక్కొక్కటే అనుకుని చూసింది. సద్దుమణి పని చేస్తానని చెబితే తలుపు వేసేస్తారు. కుర్చీ రెండోసారి తిప్పకుండా హల్దీకి పోయిన మనిషినని చెప్పాలి. చెప్పినా వేసేస్తారు.

రెండు గంటలైంది. పైన సద్దుమణి ఒకసారి మెరిసింది, ముగియని ఈ సెషనే దిగుమతిలో వెళ్లినట్టు. గోడ అవతల శిక్షణా కేంద్రానికి ఆనుకుని ఉన్న బడి. అక్కడ మధ్యాహ్నం మొదటి పిరియడ్ నడుస్తోంది. ఆరో తరగతిలో ఎవరో ఇద్దరు దేనికో కీచులాడుకుంటున్నారు. రోజూ ఈ వేళకు వినిపించేదే. కుర్చీ జరిపిన చప్పుడైంది. ఒక పిల్ల గొంతు గబగబా ఏదో అప్పజెప్పింది. ఇంకో గొంతు ఔనంది. ఇక సమ్మతమే అని వినిపించాలి, ఆ తర్వాత నిశ్శబ్దం. తలుపు దగ్గర ఇద్దరూ ఆగారు.

చాలాసేపు ఏమీ వినిపించలేదు. టీచరు చెవిలో పడ్డది అర్థంకాక నిలబడి ఉంటుంది.

తర్వాత కుర్చీ రెండోసారి జరిగింది. పక్క గదిలో ఇంకోటి. దాని పైఅంతస్తులో మరోటి. బడి అంతా ఇనుప కాళ్లు నేలను గీరుకుంటున్న చప్పుడు. ఆ చప్పుడును చీల్చుకుంటూ ఒక పిల్ల కాదు, కాదు అని అరవడం మొదలుపెట్టింది.